బొక్కల నొప్పికి గోలీల లెక్క

మనలో ఎవరింట్లో చూసినా ఫ్రిజ్ మీదో, దేవుడి గూటి పక్కనో ఒక పాత బిస్కెట్ డబ్బా ఉంటుంది. అందులో సగం చింపిన గోలీల పట్టీలు. జ్వరానివి, కడుపు మంటవి, నడుం నొప్పివి. ఏది ఎవరికి రాసిచ్చారో, ఎప్పుడు కొన్నారో ఇంటి ఇల్లాలికి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆ డబ్బాకి మనమే డాక్టర్లం, మనమే నర్సులం. మోకాళ్ళ నొప్పి అంటే అత్తగారికి ఒకటి, పన్ను నొప్పి అంటే మరిదికి ఒకటి. వేసుకున్నవాళ్ళు గంటలో లేచి తిరుగుతారు గనక దాని మీద ఎవరికీ అనుమానం రాదు.

ఆ డబ్బాలోని నొప్పి గోలీలనే, అచ్చంగా వాటినే, కేన్సర్ ఎముకలకు పాకిన మనిషికి కూడా డాక్టర్లు రాస్తారు. ఈ సంగతి తెలిసినప్పుడు ఇంట్లోవాళ్ళు రెండు రకాలుగా మాట్లాడతారు. "అంత పెద్ద జబ్బుకి ఈ పది రూపాయల గోలీయా?" అని కొందరు పెదవి విరుస్తారు. "ఇదేగా, మన దగ్గరే ఉందిగా, మళ్ళీ డాక్టరెందుకు?" అని ఇంకొందరు డబ్బా మూత తీస్తారు. మొదటి మాట వల్ల మందు పనిచేసే చోట మందు అందదు. రెండో మాట వల్ల కిడ్నీలు పోతాయి. రెండూ నేను చూశాను కాబట్టే ఈ వారం ఈ విషయం ఎత్తుకున్నాను.

మా కామారెడ్డి వైపు ఎముకను బొక్క అంటాం. కోస్తా నుంచి వచ్చిన మా పక్కింటావిడ మొదట్లో ఈ మాటకి నవ్వేది, వాళ్ళకి బొక్క అంటే చిల్లు కదా! ఈ జబ్బు విషయంలో మాత్రం రెండర్థాలూ నిజమే. కేన్సర్ చేరిన ఎముకని ఎక్స్‌రే తీస్తే చాలాసార్లు లోపల చిల్లులే కనిపిస్తాయి.

ఎముకలోనే పుట్టే కేన్సర్లు అరుదు. అవి ఎక్కువగా పిల్లల్లో, ఎదిగే వయసులో వస్తాయి. మన ఇళ్ళల్లో ఎక్కువగా చూసేది వేరేచోట పుట్టి ఎముకకు చేరిన కేన్సర్. ఆడవాళ్ళలో రొమ్ము నుంచి, మగవాళ్ళలో ప్రోస్టేట్ గ్రంథి నుంచి, ఇద్దరిలోనూ ఊపిరితిత్తులు, కిడ్నీ, థైరాయిడ్ నుంచి. వెన్నుపూసలు, నడుం, తుంటి, పక్కటెముకలు, తొడ పైభాగం దానికి ఇష్టమైన చోట్లు. చెదలు పట్టిన దర్వాజా చూశారా? పైకి రంగు అలాగే ఉంటుంది, వేలితో నొక్కితే లోపలికి దిగిపోతుంది. ఎముకకీ అంతే. మన ఎముకల్లో పాత ఎముకను కరిగించే కణాలు, కొత్త ఎముకను కట్టే కణాలు పుట్టినప్పటినుంచీ పక్కపక్కనే పనిచేస్తుంటాయి. కేన్సర్ కణాలు వచ్చి కరిగించే వాటిని రెచ్చగొడతాయి. అవి ఆమ్లం వదులుతాయి. ఎముకను చుట్టి ఉండే పలుచటి పొరలో నరాల కొసలు దండిగా ఉంటాయి. అక్కడ వాపు పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు తయారై ఆ నరాలని మరింత సున్నితం చేస్తాయి. మామూలుగా పక్కకి ఒత్తిగిల్లితే తెలియని కదలిక కూడా అప్పుడు కత్తిపోటవుతుంది.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్, ఎసిక్లోఫెనాక్ వంటి గోలీలు పనిచేసేది ఇక్కడే. ఇవి ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతాయి. ఆస్పిరిన్ ఈ పని చేస్తుందని 1971లో బ్రిటన్‌లో జాన్ వేన్ కనిపెట్టి చెప్పాడు. 1982లో మరో ఇద్దరితో కలిపి ఆయనకి నోబెల్ ఇచ్చారు. మన అమ్మమ్మలు తలనొప్పికి మింగిన ఆస్పిరిన్ ఎలా పనిచేస్తుందో తేలింది అంత ఆలస్యంగా అన్నమాట. అందుకే ఎముక నొప్పికి ఈ రకం గోలీలు వాడటం డాక్టర్లలో ఆనవాయితీ. నిజం చెప్పాలంటే ఆ ఆనవాయితీకి ఉన్నంత బలం పరిశోధనలకి లేదు. 2017లో కొక్రేన్ సంస్థ వాళ్ళు పాత అధ్యయనాలన్నీ జల్లెడ పట్టి, కేన్సర్ నొప్పికి ఈ గోలీలు పనిచేస్తాయనిగానీ పనిచేయవనిగానీ గట్టిగా చెప్పగలిగే నాణ్యమైన రుజువు లేదన్నారు. కొందరికి బాగా పనిచేస్తుంది, కొందరికి చేయదు. కొద్దిరోజులు వాడి చూడాలి, గుణం కనిపించకపోతే డాక్టరు మందు మార్చాలి. గుణం లేకపోయినా నెలల తరబడి మింగించడం అన్యాయం.

మా చిన్నమ్మది ఎల్లారెడ్డి. కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా బస్సులో వెళ్తాం. ఏళ్ళ తరబడి బీడీలు చుట్టిన మనిషి. చాట ఒళ్ళో పెట్టుకుని, వీపు వంచి, పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా అదే పని. రొమ్ము కేన్సర్‌కి ఆపరేషన్ అయిన నాలుగేళ్ళకి నడుం నొప్పి మొదలైతే, ఇంట్లో అందరూ "బీడీల నొప్పే" అన్నారు. ఊళ్ళో సూదులు వేసే ఒకాయన వచ్చి సూది వేశాడు, కాగితంలో చుట్టి గోలీలిచ్చాడు. ఏం గోలీలో పేరు లేదు. ఆర్నెల్లు అలాగే గడిచాయి.

బీడీల నొప్పి పడుకుంటే తగ్గుతుంది. ఇది పడుకుంటే పెరిగేది. రాత్రి రెండింటికి లేచి గోడకానుకుని కూచునేదట. ఈ తేడా పట్టుకోవడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు, అడిగే మనిషుంటే చాలు.

"ఎందుకు చెప్పలేదు చిన్నమ్మా?" అంటే, "ఏం జెప్పాలె బిడ్డా, నొప్పి లేని ఆడిదేడున్నది? ఓర్సుకుంటె పోతదనుకున్న" అంది.

ఇక్కడ ఒక మాట అనకుండా ముందుకి పోలేను. మన కథల్లో, సినిమాల్లో ఓర్చుకునే తల్లికి హారతులు పడతారు. భూదేవంత సహనం అంటారు. భూదేవికి ఎముకల స్కాన్ తీసేవాళ్ళు లేరు గనక సరిపోయింది! ఇంట్లో మగవాడికి వేలు తెగితే స్కూటర్ మీద ఆస్పత్రికి తీసుకెళ్తాం. ఆడమనిషి ఆర్నెల్లుగా రాత్రిళ్ళు నిద్రపోవడం లేదంటే వాతం అంటాం, వయసు అంటాం, బలహీనత అంటాం. నొప్పిని చెప్పుకోవడం చేతకానితనం అని ఆమె చిన్నప్పుడే నేర్చుకుంది. ఎవరు నేర్పారు అంటే ఇంకో ఆడమనిషే.

ఒకసారి కేన్సర్ వచ్చి తగ్గిన మనిషికి ఎన్నేళ్ళ తర్వాతైనా కొత్తగా ఎముక నొప్పి వచ్చి, రెండు మూడు వారాలైనా తగ్గక, రాత్రిళ్ళు పెరుగుతుంటే అది పాత ఫైలు పట్టుకుని కేన్సర్ డాక్టరు దగ్గరికి వెళ్ళవలసిన నొప్పి. ఈలోగా నూనె రాసి గట్టిగా మర్దన చేయించడం, వీపు మీద తొక్కించడం అస్సలు వద్దు. చెదలు తిన్న దూలం మీద గెంతినట్టే, ఎముక పుటుక్కున విరుగుతుంది.

చిన్నమ్మకి హైదరాబాదులో ఒక పెద్ద దవాఖానలో స్కాన్ చేసి, వెన్నులోనూ తుంటిలోనూ ఉందన్నారు. అక్కడి డాక్టరమ్మ ముందు అడిగింది నొప్పి గోలీ ఎప్పుడేసుకుంటున్నావని. "తట్టుకోలేనప్పుడు" అంది చిన్నమ్మ. "ఎక్కువేసుకుంటె అలవాటైతదంట గద!" డాక్టరమ్మ కోప్పడలేదు. "వాన పడ్డంక పెంకులు సర్దుతరా అమ్మా? మబ్బు పట్టకముందే సర్దుకోవాలె" అంది. ఈ ఒక్క ముక్క అర్థమైతే సగం యుద్ధం గెలిచినట్టే. ఎడతెగని నొప్పికి మందు గడియారం చూసి వేసుకోవాలి, నొప్పిని చూసి కాదు. ఐబుప్రొఫెన్ ప్రభావం ఆరు నుంచి ఎనిమిది గంటలుంటుంది. నాప్రోక్సెన్ పన్నెండు గంటల దాకా. అది దిగిపోకముందే డాక్టరు చెప్పిన వేళకి తర్వాతది పడాలి. నొప్పి పూర్తిగా లేచాక దాన్ని అణచడానికి ఎక్కువ మందు కావాలి, ఎక్కువ సేపు పడుతుంది, ఈలోపు మనిషి వాడిపోతుంది.

మా చిన్నాయన మాటలు తక్కువ మనిషి. ఆయన గోడమీద క్యాలెండర్ పక్కన పెన్సిలు కట్టి, ఎన్ని గంటలకి గోలీ ఇచ్చాడో, నొప్పి పదిలో ఎంత ఉందన్నదో ప్రతి గడిలో రాసేవాడు. మొదటి వారం ఎనిమిదులూ తొమ్మిదులూ. మూడో వారానికి నాలుగు. ఆ క్యాలెండర్ చూసి డాక్టరమ్మ మందు సరిచేసేది. ఏ ఖరీదైన పరీక్షా ఇవ్వని సమాచారం అది.

ఇక రెండో రకం వాళ్ళ సంగతి, డబ్బా మూత తీసేవాళ్ళ సంగతి. ప్రోస్టాగ్లాండిన్లు నొప్పి ఒక్కటే పుట్టించవు. కడుపులో పొరని కాపాడేవీ, కిడ్నీలకి రక్తం సరిగా అందేలా చూసేవీ అవే. గోలీకి మంచిదేదో చెడ్డదేదో తెలియదు, అన్నిటినీ ఆపేస్తుంది. అందుకే కడుపులో పుండ్లు, రక్తస్రావం, కిడ్నీ దెబ్బ, కాళ్ళవాపు, బీపీ పెరగడం. గుండెకీ ముప్పుంది. రోఫెకాక్సిబ్ అనే ఇలాంటి మందు ప్రపంచమంతా అమ్ముడుపోయాక గుండెపోట్లు పెరుగుతున్నాయని తేలి, 2004లో కంపెనీయే వెనక్కి తీసుకుంది. మన దేశంలోనూ ఆ ఏడే నిషేధించారు.

కిడ్నీ దెబ్బ ఎంత ఘోరమో చెప్పడానికి రాబందుల కథ చాలు. నా చిన్నప్పుడు ఊరి బయట పశువు చస్తే ఆకాశం నల్లబడేలా వచ్చేవి. ఇప్పుడు మా పిల్లలకి పుస్తకంలో బొమ్మ చూపించాలి. మన దేశంలో మూడు జాతుల రాబందులు 95 శాతానికి పైగా పోయాయి. పశువులకి వేసిన డైక్లోఫెనాక్ ఆ కళేబరాల ద్వారా వాటి కడుపులోకి వెళ్ళి కిడ్నీలు ఆగిపోయి చస్తున్నాయని 2004లో బయటపడింది. 2006లో పశువులకి ఆ మందు వాడకం మన ప్రభుత్వం ఆపేసింది. పక్షికీ మనిషికీ తేడా ఉంది, మన కిడ్నీ అంత త్వరగా చేతులెత్తేయదు. కానీ బీపీ మందు, ఒంట్లో నీరు తగ్గించే మందు వాడుతున్న అరవై ఏళ్ళ మనిషి, మే నెల ఎండలో నీళ్ళు సరిగా తాగకుండా ఈ గోలీలు మింగితే చాలా దగ్గరి దారి పట్టినట్టే.

ఇంకో చిక్కు పేర్లది. పొద్దున కాంబిఫ్లామ్, మధ్యాహ్నం ఎవరో చెప్పారని జీరోడాల్-పి, రాత్రి ఒళ్ళు వెచ్చగా ఉందని డోలో. మూడు వేర్వేరు మందులనుకుంటాం. నిజానికి మూడింట్లోనూ పారాసిటమాల్ ఉంది, మొదటి రెండింట్లో రెండు వేర్వేరు వాపు తగ్గించే మందులున్నాయి. ఈ రకం మందులు రెండు కలిపి వేసుకుంటే నొప్పి రెట్టింపు తగ్గదు, కడుపుకి ముప్పు మాత్రం పెరుగుతుంది. పట్టీ వెనక చిన్న అక్షరాలుంటాయి. పట్టుచీర జరీ అసలుదా నకిలీదా అని తిప్పి తిప్పి చూసే మనకి అవి చదవడం కష్టమేం కాదు.

కేన్సర్ వైద్యం నడుస్తున్న మనిషికి జాగ్రత్తలు ఇంకా ఎక్కువ. కీమో తీసుకుంటున్నప్పుడు రక్తంలో ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. అప్పుడు ఈ గోలీలతో రక్తస్రావం ముప్పు. తెల్లకణాలు తగ్గినప్పుడు జ్వరం వస్తే అది ప్రమాద ఘంట. గోలీ ఆ గంట మోగకుండా నోరు నొక్కేస్తుంది, లోపల ఇన్‌ఫెక్షన్ పెరుగుతుంటుంది. డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్‌తో కలిపితే కడుపు పుండ్లు మరీ తొందరగా వస్తాయి. మెథోట్రెక్సేట్ అని ఒక మందుంది. భీమవరంలో పుట్టి అమెరికా వెళ్ళిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం లెడర్లీ ప్రయోగశాలలో చేసిన పని నుంచి వచ్చిందే అది. ఎముకలో పుట్టే కేన్సర్‌కి పిల్లలకి దాన్ని పెద్ద మోతాదులో ఇస్తారు. ఆ రోజుల్లో బిడ్డ ఏడుస్తున్నాడని ఇంట్లో ఐబుప్రొఫెన్ పోస్తే, మెథోట్రెక్సేట్ కిడ్నీల గుండా బయటికి పోక ఒంట్లోనే నిలిచి విషమవుతుంది. తెలుగువాడి మందని గర్వపడే మనం ఈ సంగతీ తెలుసుకుని ఉంటే మంచిది.

కాబట్టి ఈ గోలీలు రాసినప్పుడు డాక్టరుకి చెప్పవలసినవి చెప్పండి. పాత అల్సర్, బీపీ, షుగర్, గుండె జబ్బు, ఆస్తమా, రక్తం పలుచబడే మందులు. కిడ్నీ పరీక్ష, అదే క్రియాటినిన్, మొదలుపెట్టే ముందు ఒకసారి, తర్వాత డాక్టరు చెప్పినప్పుడల్లా. కడుపు కాపాడే పాంటాప్రజోల్ వంటిది తోడు కావాలా అని అడగండి. ఏదైనా తిన్నాకే గోలీ. మలం తారులా నల్లగా వస్తే, వాంతిలో రక్తం లేక కాఫీ పొడిలాంటిది కనిపిస్తే, మూత్రం తగ్గితే, పాదాలు ఉబ్బితే గోలీ ఆపి వెంటనే ఆస్పత్రికి.

చిన్నమ్మకి మూడో నెలలో పాదాలు ఉబ్బాయి. చెప్పులు పట్టడం లేదని ఆమె నవ్వుతూ అంది, చిన్నాయన మాత్రం క్యాలెండర్‌లో రాశాడు. క్రియాటినిన్ పెరిగిందని గోలీ మాన్పించారు, కొన్ని వారాలకి అది దిగింది. మరి నొప్పి?

అసలు ఈ గోలీలకి ఒక హద్దుంది. ఒక మోతాదు దాటాక ఎన్ని వేసినా నొప్పి మరి తగ్గదు, చెడు మాత్రమే పెరుగుతుంది. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ నొప్పికి ఒక నిచ్చెన గీసింది. కింది మెట్టు పారాసిటమాల్, ఈ వాపు గోలీలు. మధ్య మెట్టు కోడీన్ వంటివి. పై మెట్టు మార్ఫిన్. 2018 నాటి మార్గదర్శకాల్లో ఆ నిచ్చెనని ఒక దారిచూపుగా మాత్రమే తీసుకోమని, నొప్పి తీవ్రంగా ఉంటే మెట్టు మెట్టూ ఎక్కించకుండా నేరుగా బలమైన మందుతోనే మొదలుపెట్టవచ్చని చెప్పారు. కింది మెట్టు మందుని పై మందుతో కలిపి ఇవ్వడమూ మామూలే. మన దగ్గర చాలామంది ఆ కింది మెట్టు మీదే కూచుండిపోతారు. పై మెట్టు పేరు వింటేనే భయం.

"మార్ఫినా? అంటే ఇక అయిపోయినట్టేనా?" అని చిన్నాయన అడిగాడు. చిన్నమ్మ కొడుకు "అమ్మకి అలవాటైతే?" అన్నాడు. యాభై ఎనిమిదేళ్ళ అమ్మ, మంచం దిగలేని అమ్మ, మత్తుకి బానిసవుతుందని భయం! నొప్పికోసం సరైన మోతాదులో, డాక్టరు చూపులో వాడితే అలా బానిసయ్యేవాళ్ళు బహు తక్కువ. ఒళ్ళు అలవాటు పడుతుంది కాబట్టి అకస్మాత్తుగా మానకూడదు, డాక్టరు మెల్లిగా తగ్గిస్తారు, అంతే. మొదటి కొద్దిరోజులు మగత, వికారం ఉండొచ్చు, సర్దుకుంటాయి. సర్దుకోనిది మలబద్ధకం. దానికి మొదటి రోజు నుంచే విరేచనం మందు ఉండాలి. ఇది రాయడం మర్చిపోయిన చీటీ మీకిస్తే మీరే అడగండి. కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్ళకి మార్ఫిన్ మోతాదు తగ్గించడమో, వేరే మందు ఇవ్వడమో చేస్తారు. చిన్నమ్మకి క్రియాటినిన్ దిగేదాకా ఆగి, చాలా చిన్న మోతాదుతో మొదలుపెట్టారు.

మార్ఫిన్ ఒక్కటే కాదు. నొప్పి ఉన్న ఎముకకి రేడియేషన్ ఒక్కసారి ఇచ్చినా చాలు, పదిమందిలో సుమారు ఆరుగురికి నొప్పి తగ్గుతుంది. గుణం తెలియడానికి కొన్ని వారాలు పట్టొచ్చు, ఇచ్చిన మొదటి రోజుల్లో నొప్పి కాస్త పెరగనూ వచ్చు, ముందే చెబితే బెదరరు. ఎముక కరగకుండా ఆపే జోలెడ్రోనిక్ ఆసిడ్ సెలైన్‌లో ఎక్కిస్తారు, దానికి ముందు పళ్ళ డాక్టరుకి చూపించుకోవాలి, కిడ్నీ పరీక్షా కావాలి. విరిగే ఎముకకి ముందుగానే రాడ్ వేస్తారు. కేన్సర్ మనిషికి ఉన్నట్టుండి కాళ్ళు బలహీనపడి తూలుతున్నా, నడుం కింద మొద్దుబారినా, మూత్రం మీద అదుపు పోయినా అది వెన్నుపాము నొక్కుకుపోతున్న సూచన. ఆ రోజే, ఆ గంటే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. రేపు అంటే ఇక నడవలేకపోవచ్చు.

మార్ఫిన్ ఎక్కడ దొరుకుతుంది అన్నది అసలు ప్రశ్న. మనం కూరల్లో వేసే గసగసాల మొక్క నుంచే నల్లమందు, అందులోంచే మార్ఫిన్. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ లైసెన్సుతో పండిస్తారు, విదేశాలకీ పంపుతారు. అయినా మన ఊళ్ళో దొరకదు. 1985 నాటి మత్తుమందుల చట్టం దొంగల్ని పట్టడానికి ఎంత పనికొచ్చిందోగానీ, ఆస్పత్రులు అనేక శాఖల లైసెన్సుల చుట్టూ తిరగలేక మార్ఫిన్ ఉంచుకోవడమే మానేశాయి. 2014లో చట్టం సవరించి, గుర్తింపు పొందిన వైద్యసంస్థకి రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి ఒక్కరి అనుమతి చాలన్నారు. ఆ సవరణకోసం ఏళ్ళ తరబడి తిరిగినవాళ్ళలో కేరళ డాక్టరు ఎం.ఆర్.రాజగోపాల్ ఒకరు. 1993లో కాలికట్‌లో కొందరు మొదలుపెట్టిన నొప్పి నివారణ క్లినిక్కు నుంచి ఆ రాష్ట్రంలో ఊరూరా ఇంటికొచ్చి చూసే ఏర్పాటు పెరిగింది, 2008లో ప్రభుత్వమే దానికి ఒక విధానం ప్రకటించింది. మన హైదరాబాదులో 1955 నుంచి ఉన్న ఎం.ఎన్.జె. కేన్సర్ ఆస్పత్రిలో డాక్టర్ గాయత్రి పాలాట్ వంటివారి చొరవతో పాలియేటివ్ కేర్ విభాగం నిలబడింది. నొప్పి, ఆయాసం, దిగులు, వీటిని తగ్గించడమే పనిగా పెట్టుకున్న వైద్యం అది. ఆ తర్వాత కొన్ని జిల్లాల ప్రభుత్వాస్పత్రుల్లోనూ అలాంటి కేంద్రాలు తెరిచారు.

కామారెడ్డి 2016 అక్టోబరు 11న జిల్లా అయింది. 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. బోర్డులకి కొరత లేదు. కానీ మా చిన్నాయన రెండు వారాలకోసారి తెల్లారకముందే బయలుదేరి, ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి, కామారెడ్డి నుంచి నూట పది కిలోమీటర్లకు పైగా హైదరాబాదు వెళ్ళి, క్యూలో నిలబడి, ఒక గోలీల పట్టీ తెచ్చుకునేవాడు. కూలి పోయేది, ఛార్జీలు అయ్యేవి. గోలీ ఖరీదుకంటే బస్సు టిక్కెట్టు ఖరీదు ఎక్కువ. ఆయన రాత్రి ఇంటికి చేరేదాకా చిన్నమ్మని చూసుకోవడానికి పక్కింటి బీడీల ఆడవాళ్ళు చాటలు తెచ్చుకుని ఆమె మంచం పక్కనే కూచుని చుట్టేవాళ్ళు. పొగాకు వాసన ఆమెకి పడేది కాదు, అయినా వద్దనేది కాదు, మనుషులుంటారని.

ఎల్లారెడ్డి ప్రభుత్వ ఆస్పత్రిలో నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ ఉండాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. ఎం.ఎన్.జె.లో మొదలుపెట్టిన మోతాదునే ఇక్కడ కొనసాగించడానికి శిక్షణ పొందిన ఒక డాక్టరు, తాళం వేసే ఒక బీరువా, ఒక రిజిస్టరు చాలు. ఇంటికి వెళ్ళి క్యాలెండర్ చూసి, కడుపు సంగతి, మలబద్ధకం సంగతి అడిగే ఆశా కార్యకర్త ఉంటే ఇంకా మంచిది. మహిళా సంఘాల సమావేశాల్లో పొదుపు లెక్కలయ్యాక ఈ ఒక్క అర్జీ మీద సంతకాలు పెట్టించండి. కామారెడ్డి జిల్లా ఆస్పత్రి సూపరింటెండెంటుకి ఒకటి, జిల్లా వైద్యాధికారికి ఒకటి, కలెక్టరు గారి ప్రజావాణికి ఒకటి. ప్రజావాణిలో అర్జీ ఇస్తే రసీదు ఇస్తారు, దాచుకోండి. నేను మా కాలనీలో పెట్టించిన కాగితం మీద మొదటి సంతకం చిన్నాయనదే.

చిన్నమ్మ ఆ తర్వాత పదకొండు నెలలు బతికింది. అందులో ఎనిమిది నెలలు రాత్రిళ్ళు నిద్రపోయింది. మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి కుర్చీలో కూచుని అక్షింతలు వేసింది. పోయాక మిగిలిన మార్ఫిన్ గోలీలు పద్నాలుగు. చిన్నాయన వాటిని లెక్కపెట్టి, కాగితంలో పొట్లం కట్టి, ఇంకెవరికో ఇవ్వకుండా, డబ్బాలో పడెయ్యకుండా, మళ్ళీ అదే బస్సెక్కి వెళ్ళి దవాఖానలో అప్పజెప్పి సంతకం చేసి వచ్చాడు.